లాడ్జికి వెళ్ళొస్తా!

నెలకొకసారి మీవారు సాయంత్రం నల్ల కోటు తొడుక్కుని, చేతిలో చిన్న పెట్టె పట్టుకుని, "లాడ్జికి వెళ్ళొస్తా, భోజనం అక్కడే" అన్నారనుకోండి. మీకెలా ఉంటుంది?

మన వైపు లాడ్జి అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. బస్టాండు ఎదురుగా గదులు అద్దెకిచ్చే మేడ. ఊళ్ళో పెళ్ళాం పిల్లలతో కాపురం ఉన్న మగవాడికి లాడ్జితో పనేమిటి? సరిగ్గా ఈ ప్రశ్నే మా పెద్దమ్మను ఇరవై రెండేళ్ళు కుదురుగా నిద్రపోనివ్వలేదు.

మా పెద్దమ్మంటే మా అమ్మకు స్వయానా అక్క. పుట్టిందీ మెట్టిందీ పామర్రులోనే. పెదనాన్నగారి ఉద్యోగం వల్ల 1974లో హైదరాబాదులో కాపురం పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆయనకు ఈ లాడ్జి అలవాటయింది. వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టె, వచ్చేటప్పుడు చేతిలో పెట్టె. ఇంటికి రాగానే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకునేవారు. "అందులో ఏముందండీ?" అని అడిగితే నవ్వేసి, "మగవాళ్ళ సంగతులు నీకెందుకే" అనేవారట. ఆయన చెప్పనందుకు కాదు, ఆ నవ్వుకే పెద్దమ్మ మనసు కష్టపడింది.

మొదట్లో ఆయనకు ఇంకో ఇల్లుందేమోనని అనుమానపడింది. చొక్కాలు ఉతకడానికి వేసేముందు జేబులన్నీ వెతికేది. ఏమీ దొరకలేదు. తర్వాత పక్కింటావిడ, "వాళ్ళు దీపాలార్పేసి పుర్రెలు పెట్టుకుని పూజలు చేస్తారట. బయట చెబితే గొంతు కోస్తారట" అని చెవిలో వేసింది. అప్పట్నుంచి పెద్దమ్మ మంగళవారం మంగళవారం ఆంజనేయస్వామి గుడికెళ్ళి, ఆయన పేరున ఆకుపూజ చేయించడం మొదలుపెట్టింది. 1998లో ఆయన రిటైరయి ఇద్దరూ పామర్రు తిరిగొచ్చేశారు. పెట్టె కూడా వాళ్ళతోపాటే వచ్చింది, తాళంతో సహా.

పెదనాన్నగారు 2012లో పోయారు. పెద్దకర్మ ముందురోజు పెద్దమ్మ నన్ను లోపలి గదిలోకి పిలిచి తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నువ్వు ఇంటరు దాకా చదివావుగా. తీసి చూడు. ఏమున్నా సరే నాకు చెప్పు. అబద్ధం మాత్రం ఆడకు" అంది. చెబుతుంటేనే ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

పెట్టెలో ఏముందో తెలుసా? ఒక తెల్లని తోలు ఏప్రాను. వంటింట్లో మనం కట్టుకునేలాంటిదే, కాకపోతే అంచుకు లేత నీలం పట్టీ, దాని మీద మూడు రిబ్బను పువ్వులు. ఒక జత తెల్ల చేతితొడుగులు. అరచేతిలో ఇమిడే నీలం అట్ట పుస్తకం. అంతే!

పుస్తకం తెరిచాక మాత్రం నాకూ గుండె ఝల్లుమంది. అందులో ఉన్నది ఇంగ్లీషే గానీ, చాలాచోట్ల మాటలు లేవు. మాటకు మొదటి అక్షరం ఒక్కటి వేసి, పక్కన చుక్క పెట్టారు. పేజీ అంచున పెన్సిలుతో పెదనాన్నగారి దస్తూరీ. ఒకచోట "ఇక్కడ ఆగాలి" అనీ, ఇంకోచోట "మా దగ్గర ఇలా కాదు" అనీ రాసుకున్నారు. పెద్దమ్మ నా భుజం మీంచి తొంగి చూసి, "ఇవి మంత్రాలేనటే?" అంది.

మర్నాడు హైదరాబాదు నుంచి ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒకరు వచ్చారు. పెదనాన్నగారి లాడ్జి స్నేహితుడట. భోజనాలయ్యాక పెద్దమ్మ ఆయన్ని నిలదీసింది. ఆయన కోప్పడలేదు. "అడగండమ్మా. చెప్పగలిగింది చెబుతాను. చెప్పకూడనిది వస్తే, ఇది చెప్పకూడదమ్మా అని చెబుతాను" అన్నారు. ఆయన చెప్పినదీ, ఆ తర్వాత నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు రాస్తున్నాను.

మేస్త్రీలు కాని మేస్త్రీలు

ఈ సంఘం వాళ్ళను ఫ్రీమేసన్లంటారు. మేసన్ అంటే మరెవరో కాదు, మన తాపీ మేస్త్రి. పూర్వం ఇంగ్లండు, స్కాట్లండు దేశాల్లో పెద్ద చర్చీలు కట్టే రాతిపని మేస్త్రీలు పని జరిగే చోట వేసుకునే పాకను లాడ్జి అనేవారు. పనిముట్లు దాచుకోవడం, కుర్రాళ్ళకు పని నేర్పడం అన్నీ అందులోనే. కాలక్రమేణా రాయి ముట్టని పెద్దమనుషులు కూడా వీళ్ళ సంఘాల్లో చేరారు. చివరికి పని పోయి పనిముట్లు గుర్తులుగా మిగిలాయి. మూలమట్టం చూపించి నడతలో వంకర ఉండకూడదంటారు. కంపాసు చూపించి కోరికలకు ఒక గిరి గీసుకోమంటారు. తోలు ఏప్రాను కూడా మేస్త్రీల నుంచి వచ్చిందే.

1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి ఒక పెద్ద సంఘంగా ఏర్పడ్డాయని వాళ్ళ చరిత్ర చెబుతుంది. దాన్నే గ్రాండ్ లాడ్జి అంటారు. అక్కడికి పదమూడేళ్ళకే, అంటే 1730లో, కలకత్తాలో లాడ్జి వెలిసింది. 1752లో మద్రాసుకూ వచ్చింది. అప్పట్లో దాదాపు అందరూ తెల్లవాళ్ళే. "హిందువులకు దేవుళ్ళు చాలామంది కదా, ఎవరి మీద ప్రమాణం చేస్తారు?" అని మనవాళ్ళను చేర్చుకోవడానికి అభ్యంతరం చెప్పేవారు. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే ఆయన ఏళ్ళ తరబడి పట్టుబట్టి, 1872లో సభ్యుడయ్యారు. అదే ఊళ్ళో 1884లో నరేంద్రనాథ్ దత్తా అనే కుర్రాడు కూడా చేరాడు. ఆయనే తర్వాత వివేకానందస్వామి. ఈ మాట వినగానే పెద్దమ్మ ముఖంలో సగం భయం పోయింది!

1961 నవంబరు 24న మన దేశానికి సొంతంగా గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు పద్ధతుల్లోనే ఉంటామన్న లాడ్జీలు వేరుగా కొనసాగాయి.

కూచిపూడికీ గోషామహల్‌కీ చుట్టరికం

హైదరాబాదులో గోషామహల్ బారాదరి అని ఒక పాత భవనం ఉంది. గోల్కొండ చివరి నవాబు తానీషా 1682లో కట్టించినది. మా పామర్రు నుంచి బస్సులో పావుగంట వెళ్తే కూచిపూడి. ఆ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చింది ఈ తానీషాయేనని మా పెద్దలు చెప్పుకునే కథ. అలా ఆ భవనానికీ మా వైపుకీ ఒక చుట్టరికం ఉందన్నమాట.

గోషా అంటే పరదా. మనం ఘోషా ఆసుపత్రి అంటామే, ఆ మాటే. రాణివాసపు స్త్రీల కోసం కట్టిందంటారు కాబట్టి ఆ పేరు. 1872లో నిజాం ప్రభుత్వం దాన్ని మేసన్లకిచ్చింది. ఒకప్పుడు ఆడవాళ్ళను మగవాళ్ళ కంటపడకుండా దాచిన భవనం, తర్వాత మగవాళ్ళు ఆడవాళ్ళ కంటపడకుండా సమావేశమయ్యే చోటైంది. ఇంతకంటే విచిత్రం ఉంటుందా?

లాడ్జి జరిగేటప్పుడు తలుపు బయట ఒక సభ్యుడు కత్తి పట్టుకుని కాపలా ఉంటాడు. ఆయన్ని టైలర్ అంటారు. కుట్టుమిషను లేని టైలరన్నమాట! ఒకసారి కుటుంబాలతో కలిపి విందు పెడితే పెద్దమ్మ కూడా వెళ్ళిందట. ఆడవాళ్ళంతా భోజనాల హాలు దాకానే. మూసి ఉన్న పెద్ద తలుపు చూసి, "మీకేమైనా తెలుసా?" అని ఒకరినొకరు అడుక్కున్నారట. ఒక్కరికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి మాత్రం అందరికీ నామోషీ.

ఇంటింటికీ ఒక ఆవకాయ

ఇప్పుడు ఆ పెన్సిలు రాతల సంగతి చెబుతాను. "మా దగ్గర ఇలా కాదు" అని పెదనాన్నగారు ఎందుకు రాసుకున్నారు? ఒకే సంఘం, ఒకే పుస్తకం అయితే తేడా ఎందుకొచ్చింది?

మీ పుట్టింటి ఆవకాయా, మీ అత్తింటి ఆవకాయా ఒక్కలాగే ఉంటాయా? ఒకరు వెల్లుల్లి వేస్తారు, ఒకరు ముట్టరు. ఒకరు మెంతులు పొడి కొట్టి వేస్తే, ఒకరు గింజలుగానే వేస్తారు. మామిడికాయ ముక్కా, ఆవపిండీ, ఉప్పూ, కారం, నూనే మాత్రం ఎవరింట్లోనైనా ఉండాల్సిందే. లేకపోతే అది ఆవకాయే కాదు. మేసన్ల తంతులూ ఇంతే. దేవుడి మీద నమ్మకం, ఎదురుగా పవిత్ర గ్రంథం, మూలమట్టం, కంపాసు, ఏప్రాను, మూడు మెట్లు, రహస్యం కాపాడతానన్న ప్రమాణం ఇవి ఉంటాయి. మూడో మెట్టులో సొలొమోను ఆలయం కట్టిన పెద్ద మేస్త్రి కథను నాటకంలా నడిపిస్తారు. రహస్యం చెప్పనన్నందుకు ఆ మేస్త్రి ప్రాణాలే పోగొట్టుకున్నాడట. ఇక ఏ మాట ముందు, ఏ మాట వెనుక, ఎవరు ఎక్కడ నుంచోవాలి, ఎన్ని అడుగులు వెయ్యాలి, ఇవన్నీ చోటును బట్టి మారిపోతాయి.

మన దేశంలో ఒక మార్పు చూడండి. ఇంగ్లండులో బల్ల మీద మామూలుగా బైబిలు ఉంటుంది. మన లాడ్జీల్లో భగవద్గీత, ఖురాన్, బైబిలు, గురు గ్రంథ్ సాహిబ్, పార్సీల జెంద్ అవెస్తా కూడా పెడతారు. ఎవరి గ్రంథం మీద వాళ్ళు చెయ్యివేసి ప్రమాణం చేస్తారు. పెదనాన్నగారు గీత మీద చేశారట.

తేడాలు రావడానికి అసలు కారణం రహస్యమే. కాగితం మీద రాయకూడదు, విని నేర్చుకోవాలన్నది పాత కట్టుబాటు. విని నేర్చుకున్నది నోటినోటికీ కొంచెం మారుతుంది. పైగా పక్క లాడ్జి వాళ్ళ పాఠం పక్కన పెట్టుకుని సరిచూసుకునే వీలూ ఉండేది కాదు. మా పెద్దమ్మ ఆవకాయ కొలత "చారెడు, గుప్పెడు" అంటుంది. ఆవిడ చారెడు, నా చారెడు ఒకటెలా అవుతాయి?

తాళంచెవి పోతే తాళం మార్చినట్టు

ఇంకో తమాషా కథ. 1730లో లండన్‌లో శామ్యూల్ ప్రిచర్డ్ అనే ఆయన మేసన్ల గుట్టంతా పుస్తకంగా అచ్చు వేసి అమ్మేశాడు. అది కొని చదివిన ప్రతివాడూ నేనూ సభ్యుడినేనంటూ లాడ్జి తలుపు తట్టవచ్చు. గ్రాండ్ లాడ్జి వాళ్ళు ఏం చేశారంటే, మొదటి మెట్టు గుర్తుమాటను రెండో మెట్టుకీ, రెండోదాన్ని మొదటిదానికీ మార్చేశారు. ఇంటి తాళంచెవి ఎక్కడో పడిపోతే మనం తాళం మార్చేస్తాం చూడండి, అలాగ.

కానీ దొంగల కోసం మార్చిన తాళం ఇంటివాళ్ళకే తగాదా తెచ్చింది. "మీరు ఆచారం చెడగొట్టారు, పాతది మా దగ్గరే ఉంది" అంటూ 1751లో వేరే గ్రాండ్ లాడ్జి పుట్టుకొచ్చింది. 62 ఏళ్ళు ఎడమొహం పెడమొహం! పెళ్ళి పందిట్లో "మాలో ఇలా చెయ్యరండీ" అంటే "మాలో ఇదేనండీ ఆచారం" అని వియ్యపురాళ్ళు బిగుసుకోవడం మనం చూడలేదూ? చివరికి 1813 డిసెంబరు 27న రాజీపడి ఒక్కటయ్యారు. రెండువైపులా సరిపోయే పాఠం తయారు చేయడానికి ఒక ప్రత్యేక లాడ్జి పెట్టి, 1816 దాకా కుస్తీ పట్టారు.

అంత కష్టపడి తయారు చేసిన పాఠాన్ని అచ్చు వేశారా? లేదు! ఊరూరి ప్రతినిధులు వచ్చి, చూసి, గుర్తుపెట్టుకుని వెళ్ళి తమవాళ్ళకు నేర్పాలి. ఇంకేముంది, మళ్ళీ ఊరికో తీరు. బ్రిస్టల్ అనే ఊరివాళ్ళయితే తమ పాత పద్ధతి ఈనాటికీ వదల్లేదు. 1823లో లండన్‌లో మొదలైన ఎమ్యులేషన్ అనే అభ్యాస లాడ్జిలో, ఒక తంతు మొత్తం ఎవరూ అందించకుండా తప్పు లేకుండా చెబితే వెండి అగ్గిపెట్టె బహుమతి ఇస్తారు. వాళ్ళు తమ పాఠాన్ని అచ్చు వేయడానికి ఒప్పుకున్నది 1969లో. స్కాట్లండులో ఏ లాడ్జి పాఠం ఆ లాడ్జి ఇష్టం.

ఫ్రాన్సులో తేడా ఇంకా ముదిరింది. అక్కడి పెద్ద సంఘం 1877లో దేవుణ్ణి నమ్మాలన్న షరతునే తీసేసింది. ఇంగ్లండు వాళ్ళు వాళ్ళతో సంబంధాలు తెంచుకున్నారు. వెల్లుల్లి మానేస్తే పరవాలేదు గానీ, మామిడికాయే మానేస్తే ఎలాగని వాళ్ళ వాదన కాబోలు.

గొంతు కోస్తారా?

పెద్దమ్మ అన్నిటికంటే గట్టిగా అడిగిన ప్రశ్న ఇదే. పెద్దాయన దాచలేదు. పాత ప్రమాణంలో, రహస్యం బయటపెడితే గొంతు కోయించుకోవడానికి సిద్ధమే అన్న అర్థం వచ్చే మాటలు ఉండేవట. "నీ తోడు, నే చెబితే నా నాలుక తెగిపోను" అని మన చిన్నప్పుడు ఒట్లు వేసుకోలేదూ, ఆ కోవలోదే. అయినా వినేవాళ్ళు హడలిపోతున్నారని, 1986లో ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి ఆ మాటల్ని ప్రమాణంలోంచి తీసేసింది. మరి పెదనాన్నగారు చేరింది 1976లో కదా! "అయితే ఆ మాటలు అని ఉంటారా?" అంది పెద్దమ్మ. ఆయన చిన్నగా నవ్వి, "ఇది చెప్పకూడదమ్మా" అన్నారు. పెద్దమ్మకూ నవ్వొచ్చింది. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

నిజానికి ఇప్పుడు ఆ తంతులన్నీ పుస్తకాల షాపుల్లో దొరుకుతున్నాయి. మరి ఇంకా దాచడం ఎందుకని నేనూ అడిగాను. "ఉపనయనంలో తండ్రి పట్టుబట్ట కప్పి కొడుకు చెవిలో గాయత్రి చెబుతాడు. ఆ మంత్రం పుస్తకాల్లో లేదా అమ్మాయ్? మాట అందరికీ తెలిసిందే. దాన్ని నాకు ఎలా ఇచ్చారన్నదే నా సొంతం" అన్నారు.

ఆడవాళ్ళ మాటేమిటి?

ఐర్లండులో ఒక కథ చెబుతారు. సుమారు 1712లో ఎలిజబెత్ సెయింట్ లెజర్ అనే అమ్మాయి తమ ఇంట్లోనే జరుగుతున్న లాడ్జిని గోడ అవతలి నుంచి వినేసి పట్టుబడింది. గుట్టు తెలిసిపోయింది కాబట్టి ఆమెను కూడా సభ్యురాలిగా చేర్చుకోవడం తప్ప వాళ్ళకు దారి లేకపోయింది!

1882లో ఫ్రాన్సులో మరియా దెరెమ్ అనే రచయిత్రిని ఒక లాడ్జి చేర్చుకుంది. 1893లో ఆవిడే ముందుండి, ఆడామగా కలిసి ఉండే సంఘం పెట్టింది. మన అనీబిసెంట్ అందులో 1902లో చేరి, దాన్ని ఇంగ్లండుకీ, మన దేశానికీ తెచ్చారు. ఇంగ్లండులో 1908 నుంచి స్త్రీలు నడిపే సంఘం కూడా ఉంది. గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియాలో మాత్రం మగవాళ్ళకే సభ్యత్వం.

కూచిపూడిలోనూ తరతరాలుగా సత్యభామ వేషం మగవాళ్ళే కట్టారు. ఇవాళ ఏ ఊళ్ళో చూసినా ఆడపిల్లలే గజ్జె కడుతున్నారు. మగవాళ్ళ చేతిలోని విద్య ఆడవాళ్ళకు అందితే అంతరించిపోదని మా పక్క ఊరే రుజువు.

రహస్యం వేరు, దాపరికం వేరు

ఈ కథంతా మీకెందుకు చెబుతున్నానంటే, ఇంట్లో ఒక మనిషి ఏదో సంఘంలోనో, ఎవరో స్వామి దగ్గరో చేరి "చెప్పకూడదు" అంటే మనం భయపడి ఊరుకోనక్కర్లేదు, రాద్ధాంతమూ చేయనక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు నిదానంగా అడగాలి. ఎక్కడికి వెళ్తున్నారు? ఎవరితో? ఎంత డబ్బు కట్టాలి? ఇష్టం లేకపోతే బయటికి రావచ్చా? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు వస్తే, లోపల చెప్పే మాట ఏదైనా మనకు నష్టం లేదు. "ఎవరికీ చెప్పకండి, మీ బంగారం తెండి" అనేవాళ్ళ దగ్గర, రహస్యంగా సంతకాలు పెట్టించుకునేవాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త. రహస్యమంటే ఇచ్చిన మాట. దాపరికమంటే లెక్క చెప్పకపోవడం.

పెదనాన్నగారు జీతం ఏనాడూ దాచలేదు. ఇల్లు పెద్దమ్మ పేరునే కొన్నారు. అయినా ఆవిడ మనసు ఇరవై రెండేళ్ళు నలిగింది. పెద్దాయన బస్సుకు లేస్తుంటే ఆవిడ ఆఖరి ప్రశ్న వేసింది. "మీరు మీ ఆవిడకు చెప్పారా అన్నయ్యగారూ?"

"లోపల ఏం చేస్తామో చెప్పలేదమ్మా. ఎక్కడికి వెళ్తున్నానో, ఎందుకు చెప్పలేనో మాత్రం చేరిన రోజే చెప్పాను."

పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈయన కూడా ఆ ఒక్క ముక్క చెప్పుంటే బాగుండేది" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పెట్టెను మళ్ళీ బీరువాలో పెట్టింది గానీ తాళం వెయ్యలేదు. ఇప్పటికీ అలాగే ఉంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె దొరికితే...

* తోలు ఏప్రాను నీళ్ళలో తడపకండి, సబ్బు పెట్టకండి. మన డెల్టా తేమకు బూజు పడితే, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి నీడలో గాలికి ఆరబెట్టండి.

* పాత నూలు చీర ముక్కలో చుట్టి దాచండి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే చెమ్మ పట్టి పాడవుతుంది. కలరా ఉండలు తోలుకు నేరుగా తగలనివ్వకండి.

* భయపడి కాలవలో పారెయ్యకండి. మీకు అక్కర్లేకపోతే, ఆయన స్నేహితులకో లాడ్జికో కబురు చేస్తే గౌరవంగా తీసుకెళ్తారు.

* పుస్తకంలోని చుక్కల అర్థం కోసం బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. అది ఆయన ఇచ్చుకున్న మాట. మన మటుకు మనం, పిల్లల దగ్గరా మీవారి దగ్గరా చెప్పకూడనిది ఏదైనా ఉంటే, అది ఉందన్న సంగతి ముందే చెప్పేద్దాం. ఏమంటారు?